ఎల్లోస్టోన్‌లో మట్టి పని: మా అమ్మాయిని పంపాను, మీవాణ్ణీ పంపండి

ప్రశ్న: "మా అబ్బాయికి వచ్చే వేసవికి 16 నిండుతాయి. నేషనల్ పార్కుల్లో పిల్లలకి పని ఇచ్చే యూత్ కన్సర్వేషన్ కోర్ గురించి స్కూల్లో చెప్పారట, వెళ్తానంటున్నాడు. కోడింగ్ క్యాంపు మానిపించి పంపొచ్చా? కాలేజీ అడ్మిషన్‌కి ఏమైనా పనికొస్తుందా?"

పంపండి. కోడింగ్ క్యాంపు ఎక్కడికీ పారిపోదు. మా అమ్మాయి పదకొండో తరగతికి వెళ్లే ముందు వేసవిలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఈ పని చేసింది. మేముండేది డాలస్ పక్కన. ఇక్కడ జూన్ వచ్చిందంటే మన ఇళ్లలో పిల్లలందరూ ఏసీ గదిలో శాట్ పుస్తకం ముందు కూర్చుంటారు. మా పిల్లా అంతే. పార అనే వస్తువుని అది చేత్తో పట్టుకుంది ఎల్లోస్టోన్‌లోనే.

ముందు అర్హత సంగతి చూసుకోండి, మనవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. వయసు 15 నుంచి 18 మధ్య ఉండాలి. అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లలకి అవకాశం లేదు, ఎందుకంటే ఇది జీతమిచ్చే ఉద్యోగం, వాళ్లు ఉద్యోగం చేయకూడదు. మా వీధిలో ఒక కుర్రాడు ఉన్నాడు. మాటలు రాకముందే ఈ దేశం వచ్చాడు, గుంటూరు ఏ జిల్లాలో ఉందో కూడా తెలియదు. మా అమ్మాయితో కలిసి అప్లై చేద్దామని ఫారం తెరిచి, అర్హతల దగ్గరే మూసేశాడు. ఉద్యోగాల గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అనే లెక్క ఒకటి పెట్టారు కదా, దాని వల్ల వాళ్ల నాన్న ఏళ్ల తరబడి క్యూలో నిలబడ్డాడు. ఈలోగా పిల్లాడికి 21 దాటితే వాడు ఆ క్యూలోంచే బయటికి పోతాడు. ఈ దేశపు అడవిలో నాలుగు రాళ్లు మోస్తానని వచ్చిన పిల్లాణ్ణి వద్దనడం ఏం తెలివో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, అది వేరే గొడవ.

రెండోది, చాలా పార్కుల్లో చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్నే తీసుకుంటారు. పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే పద్ధతి. ఎల్లోస్టోన్ లాంటి కొన్ని చోట్ల మాత్రం దేశం నలుమూలల నుంచీ తీసుకుని, ఓ నెల రోజులు అక్కడే ఉంచి, తిండి పెట్టి పని చేయిస్తారు. మీ ఊరికి దగ్గర్లో పార్కు లేకపోతే ఫారెస్ట్ సర్వీస్, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వాళ్లవి కూడా వెతకండి. వాళ్లూ ఇదే పేరుతో నడుపుతారు.

మా అమ్మాయి వెళ్లిందని తెలిసి హైదరాబాద్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఏం బావా, అమెరికా తీసుకెళ్లి పిల్లని ఉపాధి హామీ పనికి పంపావంట" అని ఒకటే నవ్వు. నాకు కోపం రాలేదు. ఆయన వెటకారానికి అన్నా, సరైన మాటే అన్నాడు. మన ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అలాంటి పని వీళ్లు 1933లోనే పెట్టారు. దేశమంతా ఉద్యోగాలు పోయి, జనం తిండికి లైన్లలో నిలబడ్డ కాలం అది. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సివిలియన్ కన్సర్వేషన్ కోర్ అని పెట్టి పని లేని కుర్రాళ్లని అడవుల్లో క్యాంపులకి పంపాడు. నెలకి 30 డాలర్లు ఇచ్చి, అందులో 25 నేరుగా ఇంటికే పంపించేవాళ్లు. 1942లో మూసేసేలోపు దాదాపు 30 లక్షల మంది పనిచేశారు. ఇవాళ మనం కారు దిగి సెల్ఫీలు తీసుకునే పార్కుల్లో రాతి మెట్లు, పిట్టగోడలు, ట్రైళ్లు (కాలిబాటలు) ఎన్నో వాళ్లు కట్టినవే. మీరడిగిన యూత్ కన్సర్వేషన్ కోర్ 1970లో, అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో వచ్చింది. అదీ ఆ వరసలోదే. కాబట్టి అవును బావా, ఉపాధి హామీ పనే. కనీస వేతనం లెక్కన, పన్ను కోసి మరీ ఇస్తారు.

మనవాళ్లకి అసలు ఇబ్బంది పని కష్టమని కాదు, పార అంటేనే. మా ఇంట్లో నా చిన్నప్పటి బెదిరింపు ఒకటే, "చదవకపోతే పార పట్టుకోవాల్సిందే". ఆ భయంతోనే ఇంజినీరింగ్ చదివాం, ఆ భయంతోనే విమానం ఎక్కాం. పిల్లలకి దాని పేరు కూడా తెలియకుండా పెంచాం. ఇప్పుడు ఆ పిల్లలకి సొంత గది లైటు బల్బు మార్చడం రాదు, పైగా "లీడర్‌షిప్" వచ్చని అప్లికేషన్లలో రాస్తాం.

సామాన్లు సర్దేటప్పుడు మా ఆవిడ ఆవకాయ సీసా, కరివేపాకు పొడి పెట్టింది. నేను వద్దన్నా వినలేదు. అక్కడికి వెళ్లాక తెలిసిందేంటంటే, వాసన వచ్చేది ఏదైనా, ఆఖరికి టూత్‌పేస్టు కూడా, గుడారంలో ఉండకూడదు. ఎలుగుబంట్లు వస్తాయి. అడవిలో క్యాంపు వేసిన వారం మా ఆవకాయ తాళం వేసే ఇనుప పెట్టెలో కాపురం ఉంది. ఎలుగుబంటి ఆవకాయ తింటే ఏమవుతుందని పిల్లలు రోజూ పందేలు వేసుకునేవారట.

మొదటి ఆదివారం ఫోన్ చేసి ఏడ్చింది. దోమలు, బొబ్బలు, పొద్దున్నే చలి, "నాన్నా, వచ్చి తీసుకెళ్లు". మా ఆవిడ టికెట్లు వెతకడం మొదలుపెట్టింది. ఇంకో వారం ఆగుదామన్నాను. ఆ తర్వాతి ఆదివారం ఫోన్‌లో బాగున్నారా అని కూడా అడగలేదు, పడిపోయిన చెట్టు గురించే చెప్పింది. 1988లో ఆ పార్కులో మూడో వంతుకి పైగా మంటలు పాకాయి. అప్పుడు మాడి నిలబడిపోయిన మానులు ఇప్పటికీ ట్రైళ్ల మీద కూలుతుంటాయి. 18 నిండని వాళ్లకి చైన్‌సా (మోటారు రంపం) ఇవ్వకూడదని చట్టం ఉంది, అందుకని ఇద్దరు చెరోవైపు పట్టుకుని కోసే పొడవాటి రంపం ఇస్తారు. "లాగాలి నాన్నా, తొయ్యకూడదు. తోస్తే రంపం వంగుతుంది. నీ వంతు అయ్యాక వదిలెయ్యాలి, అవతలి మనిషి లాగాలి" అని పావుగంట చెప్పింది. టికెట్ల మాట మళ్లీ రాలేదు.

అసలు చెప్పాలనుకున్నది మా అమ్మ సంగతి. అప్పుడు ఆవిడ తెనాలి దగ్గర మా ఊరి నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. మనవరాల్ని కూలికి పంపామని నా మీద అలిగి, ఆ నెలంతా నాకు చెప్పాల్సిన మాటలన్నీ మా ఆవిడ ద్వారానే చెప్పించింది. పిల్లని తీసుకురావడానికి ముగ్గురం బయల్దేరాం. బోజ్‌మన్‌లో విమానం దిగి, కారు అద్దెకి తీసుకుని గార్డినర్ మీదుగా పార్కు లోపల ఉన్న మమత్ హాట్ స్ప్రింగ్స్ చేరాం. మమత్‌లో ఇళ్ల ముందు గడ్డిలో ఎల్క్‌లు, అంటే పెద్ద జాతి దుప్పులు, పడుకుని నెమరేస్తుంటాయి. "వీటికి పలుపు లేదేంట్రా" అని అమ్మ నాతో మాట్లాడిన మొదటి మాట.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. అడవిదున్నకి, ఎల్క్‌కి కనీసం 25 గజాల దూరం, ఎలుగుబంటికీ తోడేలుకీ 100 గజాలు ఉండాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. అయినా రోడ్డు పక్కన అడవిదున్న కనిపిస్తే చాలు, కార్లు ఆపి దిగిపోతారు. "ఇంకొంచెం వెనక్కి జరగవే, కొమ్ములు పడట్లేదు" అని అచ్చ తెలుగులో ఒకాయన భార్యకి చెప్పడం నా చెవులారా విన్నాను. టన్ను బరువుండే జంతువు అది, మన వాట్సాప్ స్టేటస్ కోసం పుట్టలేదు.

పిల్ల కనిపించింది. నల్లబడింది, బట్టల నిండా దుమ్ము. అమ్మ దాని చేతులు తిప్పి చూసి, "కాయలు కాచినయ్యేంటే" అంది. అదేమో ఆ కాయల్ని పతకాల్లాగా చూపిస్తోంది. తన పని చూపిస్తానని దగ్గర్లో వాళ్లు బాగుచేసిన ట్రైల్ మీదికి తీసుకెళ్లింది. 6,200 అడుగుల ఎత్తు అది, నాకే ఆయాసం వస్తోంది. అమ్మ మాత్రం పైట నడుముకి దోపి నెమ్మదిగా ఎక్కేసింది.

కొంత దూరం పోయాక దారికి అడ్డంగా, ఏటవాలుగా ఒక రాళ్ల వరస ఉంది. సగానికి పైగా భూమిలోకి పాతేశారు, పైకి కాస్తే కనిపిస్తుంది. వాటర్ బార్ అంటారు. పిల్ల తన తెలుగులో వివరించింది. "నానమ్మా, రెయిన్ వస్తే, స్నో మెల్ట్ అయితే, వాటర్ ఈ దారి మీదే పరిగెడుతుంది. సాయిల్ అంతా పోయి గొయ్యి అవుతుంది. అప్పుడు వాకర్స్ పక్కన గడ్డి మీద నడుస్తారు. గడ్డి చచ్చిపోతుంది, దారి వెడల్పు అవుతుంది. అందుకే నీళ్లని ఇక్కడ పక్కకి పంపించేస్తాం." ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు బాడిస ఉండే పులాస్కితో తవ్వారట. 1910లో ఐడహో కార్చిచ్చులో తన మనుషుల్ని గని సొరంగంలోకి తోలుకెళ్లి కాపాడిన ఎడ్ పులాస్కి పేరు మీద ఆ పనిముట్టుని పిలుస్తారని కూడా చెప్పింది.

అమ్మ ఇదంతా వినలేదు. గొంతుక్కూర్చుని రాళ్ల వరసనే చూస్తోంది. తర్వాత నీళ్లు బయటికి పోయే చోటికి వెళ్లి, "ఇక్కడ పూడిందే. మొదట వచ్చిన నీళ్లు పోతయ్, తర్వాతవి నిలబడతయ్, నిలబడ్డవి నీ రాళ్ల మీంచి ఎక్కి పోతయ్" అంది. నిజంగానే పైన్ ఆకులు, మట్టి చేరి ఆ కాలువ నోరు సగం మూసుకుపోయింది. పిల్ల కళ్లు పెద్దవి చేసి, "మా క్రూ లీడర్ కూడా సేమ్ చెప్పారు, ఔట్‌లెట్ ఎప్పుడూ క్లీన్ చెయ్యాలి" అంది. ఇక చూస్కోండి. ఒకరు బూటు మడమతో, ఇంకొకరు పుల్లతో ఆ మట్టి లాగడం మొదలుపెట్టారు. పొలానికి మడవ కట్టడానికి అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఎలా వెళ్లేదో, పైచేను వాళ్లు నీళ్లు కట్టేస్తే ఎలా దెబ్బలాడేదో అమ్మ చెబుతోంది. వాలు ఎంతుండాలో, రాయి ఏ ముఖం పైకి పెట్టాలో ఇద్దరూ వాదించుకుంటున్నారు. దారిన పోయే టూరిస్టులు చీర కట్టుకున్న ముసలావిడని పార్కు ఉద్యోగి అనుకున్నారేమో, ఒకాయన థాంక్స్ చెప్పి వెళ్లాడు.

నేను ఏళ్లుగా డేటా పైప్‌లైన్లు కట్టి జీతం తీసుకుంటున్నవాణ్ణి. ఆ అరగంటా నాకు ఒక్క ముక్క మాట్లాడే అవకాశం రాలేదు. కిందికి దిగుతుంటే అమ్మ, "పిల్లకి పని వచ్చురా. నీకు రాలేదు గానీ" అంది. అక్కణ్ణించి మా ఆవిడ మధ్యవర్తిత్వం అవసరం లేకుండా పోయింది.

ఇక మీ రెండో ప్రశ్న, కాలేజీ. అడ్మిషన్ వాళ్లు ఇలాంటివి చూసి మెచ్చుకుంటారని నేను చెప్పను. చూసినా చూడకపోయినా పంపాలనే నా పట్టు. కానీ ఒకటి గమనించండి. వేల డాలర్లు మన దగ్గర తీసుకుని, ఏదో దేశంలో పిల్లల చేత ఓ బడి గోడకి రంగు వేయించి, సర్టిఫికెట్ ఇచ్చే వ్యాపారాలు బోలెడున్నాయి. మా వాట్సాప్ గ్రూపులో ప్రతి జనవరిలో ఒకరు లింకు పెడతారు. పిల్లలు వెళ్లాక ఆ గోడకి మళ్లీ ఎవరో రంగు వేస్తారని నా అనుమానం. నేను చదివిన కాలేజీలో శ్రమదానం కూడా అలాంటిదే. ఫోటోగ్రాఫర్ వచ్చేదాకా పారలు పట్టుకుని నిలబడేవాళ్లం, వెళ్లగానే టిఫిన్లు. ఇక్కడ పని చేస్తే డబ్బులిస్తారు, చేయకపోతే అడుగుతారు. 16 ఏళ్ల వాడికి ఈ తేడా ఎంత చెప్పినా చెవికెక్కదు, ఒక పేస్లిప్ చూస్తే ఎక్కుతుంది.

బూట్లు మాత్రం ముందే కొనండి. చీలమండ దాటే తోలు బూట్లు, ఓ నెల ముందు నుంచీ రోజూ ఇంట్లో తొడిగించండి, లేకపోతే మొదటి వారం బొబ్బలతోనే పోతుంది. అప్లికేషన్లు చలికాలంలోనే తెరుస్తారు. చాలా చోట్ల మార్చి, ఏప్రిల్ కల్లా గడువు అయిపోతుంది, ఏ పార్కుది ఆ పార్కుదే చూసుకోవాలి. చాలా చోట్ల లాటరీ తీస్తారు, కాబట్టి రాకపోతే పిల్లాణ్ణి తిట్టకండి. ఫారం వాణ్ణే నింపనివ్వండి. మీ సంతకం అవసరమైన చోట వాడే పిలుస్తాడు.