ధన్వంతరి చేతిలో ఉన్నది వేరు కాదు, జలగ

మీరడిగినవి రెండు. ఆయుర్వేదాన్ని మొదలుపెట్టింది ధన్వంతరేనా? ధన త్రయోదశికి బంగారం కొనడానికీ ఆయనకీ ఏమిటి సంబంధం? నేను వైద్యుణ్ణి కాదు, బేగంబజార్‌లో ఇత్తడి, రాగి సామాన్ల దుకాణంలో లెక్కలు రాస్తాను. అయినా ఈ దేవుడితో పదకొండేళ్ల పరిచయం.

రెండోది ముందు చెప్తా. ఆశ్వయుజ బహుళ త్రయోదశి నాడు పొద్దున్నే షట్టర్ ఎత్తగానే మా సేఠ్ ఒక రాగి చెంబు తుడిచి, గల్లా పైనున్న ధన్వంతరి ఫోటో ముందు పెడతాడు. ఆ తర్వాతే మొదటి బిల్లు. పాలసముద్రం చిలికినప్పుడు ఆయన అమృత కలశంతో పైకొచ్చాడు కాబట్టి ఆ రోజు ఏదో ఒక గిన్నె కొనాలన్నది వాళ్ల ఆచారం. మనవాళ్లేమో 'ధన' అన్న మాట పట్టుకుని నగల షాపులకు పోతారు. లక్ష్మీపూజ కూడా ఉంది కనుక తప్పు పట్టను. కానీ ధన్వంతరి పేరులో డబ్బు లేదు. 'ధను' అంటే శల్యశాస్త్రం, అంటే కోసి చేసే వైద్యం, దాని చివరిదాకా వెళ్లినవాడు అని పాత వ్యాఖ్యానం.

ఆ ఫోటోలో నాలుగు చేతులు. శంఖం, చక్రం, కలశం, నాలుగో చేతిలో నల్లగా వేలాడేది ఒకటి. ఇన్నేళ్లూ అదేదో వేరు అనుకున్నాను.

రెండేళ్ల కింద అమ్మ మోకాళ్ల నొప్పులకని ఎర్రగడ్డ ఆయుర్వేద ఆసుపత్రికి తీసుకెళ్లా. ఓపీ చీటీ పట్టుకుని అమ్మ "ధన్వంతరి స్వామీ, నువ్వే దిక్కు" అని దండం పెట్టుకుంటుంటే, పీజీ చదివే డాక్టరమ్మ నవ్వి, "ఆయన ఆపరేషన్ల వాళ్ల దేవుడమ్మా. మీరు కూర్చున్నది కాయచికిత్స, అంటే మందుల వైద్యం దగ్గర" అంది. ఫోన్‌లో మా గల్లా ఫోటో చూపిస్తే ఆ నల్లటిది జలగ అని చెప్పింది. చెడు రక్తం తీయడానికి వాడతారట. శస్త్రచికిత్స గురించిన పాత గ్రంథం సుశ్రుత సంహితలో పన్నెండు రకాల జలగల గురించి ఉంది: ఆరు విషమున్నవి, ఆరు లేనివి.

ఇంటికొచ్చాక చదువుతూ కూర్చున్నా. బ్రహ్మ, దక్షుడు, అశ్వినీ దేవతలు, ఇంద్రుడు, ఇంతవరకూ అందరి కథా ఒకటే. ఇంద్రుడి దగ్గర దారి చీలుతుంది. మందుల వైద్యం గురించిన పాత గ్రంథం చరక సంహిత ప్రకారం భరద్వాజుడు నేర్చుకొచ్చాడు, ఆత్రేయుడు బోధించాడు, ఆయన శిష్యుడు అగ్నివేశుడు రాశాడు, దాన్ని చరకుడు సరిదిద్దాడు. ఈ వరసలో ధన్వంతరి లేడు! సుశ్రుత సంహితలోనేమో ధన్వంతరే కాశీరాజు దివోదాసుగా వచ్చి సుశ్రుతుడికీ తోటివాళ్లకీ పాఠం చెప్తాడు. కత్తి పట్టడం నేర్పేది సొరకాయ, బూడిద గుమ్మడికాయ, దోసకాయల మీద. మా అమ్మకు బాగా నచ్చిన ముక్క ఇదే.

రెండు దారులకూ గొడవేం లేదు. చరక సంహితలోనే గుల్మం, అంటే కడుపులో గడ్డ గురించి చెప్పేచోట, పక్వానికొచ్చి కోయాల్సి వస్తే అది ధన్వంతరి సంప్రదాయం వాళ్ల పని అని ఉంది. ఇప్పుడు మన డాక్టర్లు రిఫరల్ రాసిచ్చినట్టే.

కాబట్టి మొదలుపెట్టింది ఆయనొక్కడే అనలేం. కథలు పక్కన పెడితే, అథర్వవేదంలోనే జ్వరాలకు మంత్రాలూ మూలికలూ కనిపిస్తాయి. అందుకే ఆయుర్వేదాన్ని దానికి ఉపవేదం, అంటే అనుబంధ శాస్త్రం అంటారు. ధన్వంతరి జయంతి రోజే, అంటే ఆ ధన త్రయోదశి నాడే, 2016 నుంచి ఆయుర్వేద దినం జరిపారు, 2025 నుంచి దాన్ని సెప్టెంబర్ 23కి మార్చారు. మా గిరాకీ మాత్రం త్రయోదశికే.

తర్వాతిసారి ఎర్రగడ్డ వెళ్లినప్పుడు అమ్మ ఆ డాక్టరమ్మనే అడిగింది, మరి నేనెవరికి దండం పెట్టుకోవాలమ్మా అని. "ఆత్రేయుడికి పెట్టుకోండి" అంది ఆ పిల్ల. అప్పట్నుంచి ఆత్రేయుడి ఫోటో తెమ్మని నా ప్రాణం తీస్తోంది అమ్మ. బేగంబజార్‌లో తెలిసిన ఫ్రేముల షాపులన్నీ అడిగాను, ఎవరి దగ్గరా లేదు.