ఫ్లై ఫిషింగ్ నేపథ్యంగా రాసిన తెలుగు నవలను అచ్చుకు పంపే ముందు ఏయే విషయాలు సరిచూసుకోవాలి?

మీరు ప్రధానంగా అచ్చు పని గురించే అడిగారు గానీ, "చేపల వేట తెలియని పాఠకుడికి ఇదంతా అర్థమవుతుందా" అని చివర రాసిన మాటే అసలు ప్రశ్న అని నాకు అనిపించింది. కాబట్టి ముందుగా దానికే జవాబు చెబుతాను. మాది హనుమకొండ. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు హిమాచల్ ప్రదేశ్‌లోని కులు జిల్లాలో ఉన్నప్పుడు తీర్థన్ నదిలో ఫ్లై ఫిషింగ్, అంటే ఈకలు చుట్టి పురుగులా చేసిన చిన్న కొక్కెంతో ట్రౌట్ చేపలు పట్టడం, నేర్చుకున్నాను. ఆ అనుభవంతో రాసిన నా నవల ఇప్పుడు చివరి ప్రూఫుల దశలో ఉంది.

రాతప్రతి పూర్తయ్యాక సాహిత్య మిత్రులు నలుగురు చదివి బాగుందన్నారు. ఆ తరువాత పాకాల చెరువు మీద చేపలు పట్టి బతికే ఒక పెద్దాయనకు, ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, వేట ఉన్న మూడు అధ్యాయాలను పైకి చదివి వినిపించాను. మొదటి అధ్యాయం సగంలోనే ఆయన నన్ను ఆపి, "గింత అల్కటి ఈక గంత దూరం ఎట్ల పోతది సారూ? గాలానికి గుండు లేదాయె!" అన్నారు. మిత్రులెవరికీ రాని ఆ సందేహానికి నా నవలలో ఎక్కడా సమాధానం లేదు.

మన చెరువుల దగ్గర గాలం వేసేవారికి దారాన్ని ముందుకు లాక్కుపోయేది దాని కొసన ఉన్న సీసపు గుండు, ఎర బరువు. ఫ్లై ఫిషింగ్‌లో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. చిన్న కొక్కేనికి కోడిపుంజు మెడ ఈకలు, రంగుదారాలు చుట్టి పురుగులా తయారుచేసిన ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. మందంగా, బరువుగా ఉండే దారమే గాలిలో సాగిపోతూ దాన్ని తన వెంట తీసుకుపోతుంది. అందుకే గాలపు కర్రను వెనక్కి ఎత్తిన తరువాత, దారం వీపు వెనక పూర్తిగా చాచుకునేంత వరకు ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. తొందరపడితే చెర్నాకోల ఝాడించినట్టు చప్పుడై, ఫ్లై తెగి ఎక్కడో పడిపోతుంది. నా నాయకుడు మాత్రం చెరువులోకి రాయి విసిరినట్టు మణికట్టు తిప్పి ఊరుకున్నాడు. నేను చేతితో చేసే పనిని కూడా కాగితం మీద తప్పుగా రాయగలిగానని ఆ రోజు తెలిసింది. మరుసటి ఆదివారం సుబేదారిలోని ఆర్ట్స్ కాలేజీ మైదానంలో, 9 అడుగుల కర్రకు కొక్కెం బదులు ఎర్ర ఉన్ని పోగు కట్టి, ఒక్కొక్క కదలికనూ చేసి చూసి ఆ పేజీలన్నీ తిరగరాశాను. మీరు కూడా ఆ పేజీలను కర్ర చేత పట్టుకునే సరిచూసుకోండి.

స్థలం, కాలం విషయంలో కూడా నేను పొరపడ్డాను. మొదటి ప్రతిలో కథకు అందం వస్తుందని డిసెంబరు మంచులో వేట సన్నివేశం పెట్టాను. అది ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం కాబట్టి హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు వేట నిషేధం. మిగిలిన నెలల్లో కూడా మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. ఆ సన్నివేశాన్ని ఏప్రిల్‌కు మార్చాను. మీ కథలో ట్రౌట్‌ను రామప్ప చెరువులోకో లక్నవరంలోకో తీసుకువచ్చే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. అది చల్లని పారే నీటి చేప, మన ఎండలకు కాగే చెరువు నీటిలో బతకదు. మన నీళ్లకు కొర్రమట్ట ఉంది, బొచ్చె ఉంది, రవ్వ ఉంది. ఇక్కడి సన్నివేశాలకు అవి చాలు.

పదాల దగ్గర నాకు మేలు చేసింది కూడా ఆ పెద్దాయనే. ఫ్లైని నేను మొదట "ఎర" అని రాశాను. ఎర అంటే చేప తినేది, ఇది తినేది కాదు గదా అని ఆయన అభ్యంతరం చెప్పారు. అప్పటి నుంచి మొదటిసారి "ఈకల గాలం" అని వివరించి, తరువాత ఫ్లై అనే ఉంచాను. బెండు, గుండు, ఎర్రలు (వానపాములు) వంటి మన మాటలను మన చెరువుల సన్నివేశాలకే వాడాను.

ఇక అచ్చు సంగతి. మీరు యూనికోడ్‌లో టైపు చేసి, డీటీపీ చేసేవారు దాన్ని యూనికోడ్ కాని "అను" అనే ఫాంట్లలోకి మారుస్తున్నట్లయితే, మార్చిన తరువాత మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం తప్పదు. నా మొదటి ప్రూఫులో "హుక్‌ని" అన్న చోటల్లా క కింద న ఒత్తు చేరి "హుక్ని" అయింది. ఇంగ్లిషు మాటలు ఎక్కువగా ఉండే ఇలాంటి నవలలో ఈ ఇబ్బంది పేజీ పేజీకీ వస్తుంది. పుస్తకం కొలతగా డెమ్మీ 1/8 సైజు నవలకు సరిపోతుంది. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బిఎన్‌ను మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు, మధ్యవర్తికి డబ్బు ఇవ్వనవసరం లేదు. పుస్తకం వెలువడిన 30 రోజులలోపు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది.

మీరు వరంగల్‌లోనే ఉంటున్నానని రాశారు కాబట్టి, విసిరే సన్నివేశం ఉన్న పేజీలు తీసుకుని ఏదైనా ఆదివారం ఉదయం ఆర్ట్స్ కాలేజీ మైదానానికి రండి. కర్ర, దారం నేను తెస్తాను.