సంఘంలో రెండు గ్రూపులైతే ఆత్మీయంగా ఎట్ల ఎదుగుతం?

మహబూబ్‌నగర్ దగ్గర మా ఊరి సంఘంలో (చర్చిలో) కానుకల లెక్క మీద రెండు గ్రూపులైనయ్, ఇట్లుంటే ఆత్మీయ ఎదుగుదల ఎట్ల అని అడిగిండ్రు. ఇది కొత్త సమస్య కాదండీ. బైబిల్‌ల అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడుండ్రి, యెరూషలేములనే మొదటి సంఘంల గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపిణీల చిన్నచూపు చూస్తున్నరని గొడవైంది, అప్పుడు అపొస్తలులు (యేసు ముఖ్య శిష్యులు) దాన్ని కప్పిపెట్టలేదు, అందర్నీ పిలిచి మంచి పేరున్న 7 మందిని మీరే ఎంచుకోండని చెప్పిండ్రు, ఆ 7 పేర్లు చూస్తే అన్నీ గ్రీకు పేర్లే, అంటే బాధపడ్డోళ్ల వైపు మనుషులకే పని అప్పజెప్పినట్టు ఉంది (నాకైతే ఇది చాలా గొప్పగ అనిపిస్తది). ఆ తర్వాతనే శిష్యుల సంఖ్య బాగా పెరిగిందని 7వ వచనంల ఉంది.

మీరు కూడ ముందు లెక్క సంగతి తేల్చుకోండ్రి. ఆరాధన అయినంక రెండు వైపులోళ్లు కలిసి కానుక లెక్కవెట్టి, నోట్‌బుక్‌ల రాసి సంతకాలు పెట్టాలె, నెలకోసారి సంఘం ముందు చదవాలె. ఎవరి మీదన్న మనసుల బాధుంటే మత్తయి 18:15 ప్రకారం ముందు ఒంటరిగ పోయి ఆయనతోనే మాట్లాడాలె, వాట్సాప్ గ్రూపుల కాదు.

ఇంకోటి, పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి పనికి వలసపోయినోళ్ల అమ్మానాయినలు చాలామంది ఇండ్లల్ల ఒంటరిగ ఉంటరు, వారం ప్రార్థన వాళ్లింట్ల పెట్టుండ్రి, రెండు గ్రూపులోళ్లు కలిసే పోయి ఆ ముసలోళ్లకు మందులున్నయో లేవో చూసి, బిందె నింపి, వాక్యం చదివి రావాలె.