వీడియోలో ఫిజియోథెరపీ, ఇంట్లో బీపీ మిషన్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 64. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వారానికి మూడుసార్లు గాజువాక నుంచి మహారాణిపేట దాకా ఆటోలో తీసుకువెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయనను దించి ఎక్కించడానికే ఇద్దరు మనుషులు కావాలి. ఇంటికి వచ్చాక అలసటతో ఆ పూటంతా పడుకునే ఉంటున్నారు. ఇకమీదట వారానికి ఒకసారి వస్తే చాలునని, మిగతా రోజులు వీడియో కాల్‌లో చేయిస్తానని ఫిజియోథెరపిస్టు అంటున్నారు. నాన్నగారేమో ‘ఫోను వచ్చి నా చెయ్యి పట్టుకుంటుందా’ అని కొట్టిపారేస్తున్నారు. ఒప్పుకోవచ్చా? (గాజువాక నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఒప్పుకోవచ్చు. అయితే మీ నాన్నగారి మాటను తోసిపుచ్చకండి. కండరం ఎంత బిగుసుకుంది, భుజం కీలు తన చోటి నుంచి జారిందా, చర్మానికి స్పర్శ ఏ మేరకు తెలుస్తోంది అన్నవి చేత్తో తాకి చూస్తేనే తెలుస్తాయి, కెమెరాకు అందవు. మీ ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారి రమ్మనడం అందుకే సరైన ఏర్పాటు. అసలు ఒక్కసారీ తాకి చూడకుండా మొదటినుంచీ వీడియోలోనే చేయిస్తామని ఎవరైనా అంటే మాత్రం నేను వద్దనే చెబుతాను.

మిగతా రోజుల సంగతి వేరు. పక్షవాతం తరువాత చెయ్యి తిరిగి పనికి రావడం ప్రధానంగా ఆ పనిని మళ్లీ మళ్లీ చేయడం మీద ఆధారపడి ఉంటుంది. దెబ్బతిన్న మెదడు భాగం చుట్టూ మిగిలిన నాడీకణాలు కొత్త దారులు ఏర్పరచుకోవాలంటే ఒకే కదలికను రోజుకు వందలసార్లు ప్రయత్నించాలి; అదీ కోలుకోవడం అన్నింటికన్నా వేగంగా జరిగే మొదటి మూడు నెలల్లో వీలైనంత ఎక్కువగా జరగాలి. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు. మెట్లు దిగడంలోనూ ఆటో ప్రయాణంలోనూ ఖర్చవుతున్న ఆయన శక్తి వ్యాయామానికి మిగిలితే అదే పెద్ద లాభం.

ఈ పద్ధతిని పరీక్షించి చూశారు కూడా. అమెరికాలో 11 కేంద్రాల్లో 124 మంది పక్షవాత రోగుల మీద జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. సగం మంది క్లినిక్‌కు వచ్చి, సగం మంది ఇంట్లోనే ఉండి, ఒక్కొక్కటి 70 నిమిషాల చొప్పున 36 సార్లు చేతి వ్యాయామాలు చేశారు. చేతి కదలికను 66 మార్కులకు కొలిచే పరీక్షలో ఇంట్లో చేసినవారు సగటున 7.86 మార్కులు, క్లినిక్‌కు వెళ్లినవారు 8.36 మార్కులు మెరుగయ్యారు. అంటే ఇంట్లో చేసినవారు వెనకబడలేదని అర్థం. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. ఇంట్లో ఉన్నవారి 36 సెషన్లలో సగం థెరపిస్టు వీడియోలో చూస్తుండగా జరిగాయి, మిగతా సగం కూడా థెరపిస్టు ముందే రాసిచ్చిన ప్రకారమే సాగాయి. యూట్యూబ్‌లో దొరికిన వీడియో ఒకటి పెట్టి చేయించడాన్ని దీనితో సమానంగా అనుకోకూడదు. ఆ వీడియో మీ నాన్నగారిని చూడదు, ఆయన తప్పు చేస్తే ఆపదు.

ఇక ఎలా చేయాలన్నది. ఫోనును చేత్తో పట్టుకోకుండా నడుము ఎత్తులో ఒక స్టాండుకో, పుస్తకాల దొంతరకో ఆనించి, మనిషి తల నుంచి పాదాల దాకా కనిపించేంత దూరంలో పక్కవైపు నుంచి పెట్టండి. ముఖం బాగా కనిపించాలని దగ్గరగా పెడితే మోకాలు ఎలా వంగుతోందో థెరపిస్టుకు తెలియదు. వెనక కిటికీ వెలుగు పడకుండా చూసుకోండి. చేతికి పని చెప్పడానికి ఖరీదైన పరికరాలేమీ అవసరం లేదు: చింతపిక్కలు ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి వేయించడం, బట్టల క్లిప్పులు తీగకు పెట్టించడం, చపాతీ పిండి నొక్కించడం, తువ్వాలు మడత పెట్టించడం వంటివి మీ థెరపిస్టు ఎంచి ఇస్తారు. ఎన్నిసార్లు చేశారో ఒక నోటుబుక్కులో రాసి, వారానికి ఒకసారి ఆయనకు చూపండి. సెన్సర్లు ఉన్న చేతి తొడుగులు, లెక్క తనంతట తానే రాసుకునే యాప్‌లు కూడా మార్కెట్లో ఉన్నాయి, ఉత్సాహం పెంచడానికి పనికొస్తాయి కూడా. కానీ ఆ లెక్కలు తెరిచి చూసేవాళ్లు అవతల లేకపోతే నోటుబుక్కు కన్నా అవి ఎక్కువ చేసేదేమీ లేదు. కొనేముందు అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ‘ఈ వివరాలు మా థెరపిస్టుకు ఎలా చేరతాయి’ అన్నది.

మీ అమ్మగారి విషయం నేనే ఎత్తుతున్నాను, ఎందుకంటే ఇలాంటి ఇళ్లలో ఆ భారం చివరికి ఆవిడ మీదే పడుతుంది. లేవదీయడానికి పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. పట్టు కోల్పోయిన భుజం కీలు ఆ లాగుడుకు జారిపోయి నెలల తరబడి నొప్పి పెడుతుంది. మొదటి రెండు వీడియో సెషన్లలో వ్యాయామం కన్నా ముందు అమ్మగారు ఆయనను మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా చేరుస్తున్నారో చూపించి సరిదిద్దించుకోండి. ఆస్పత్రి గదిలో కనిపించని తప్పులు ఇంట్లో కెమెరాకు కనిపించడం ఈ పద్ధతిలో ఉన్న ఒక మంచి గుణం. నిలబడి చేసేవాటికి ఇంకొక మనిషి పక్కనే ఉండి తీరాలి.

పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరు కుంగుబాటుకు లోనవుతారు. వ్యాయామానికి మొరాయించడం, మాట తగ్గించడం మొండితనంగా కనిపిస్తాయి కానీ, అది వైద్యుడికి చెప్పవలసిన లక్షణం. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో ఉచితంగా మాట్లాడవచ్చు, అమ్మగారు కూడా మాట్లాడవచ్చు. నీళ్లు తాగుతున్నప్పుడు పొరపోవడం ఎక్కువైతే వెంటనే వైద్యుడికి చెప్పండి. మూతి ఉన్నట్టుండి వంకరపోయినా, మాట తడబడినా, మరో చెయ్యి బలహీనపడినా వీడియో కాల్ కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు అందాలి.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. ఇంట్లో మిషన్‌లో 148/92 వస్తోంది, డాక్టరుగారి దగ్గర 132/84. మా అబ్బాయి కొనిచ్చిన చేతి గడియారం 118 అంటోంది. రోజూ ఉదయం బీచ్‌రోడ్డులో నడిచి రాగానే కాఫీ తాగుతూ చూసుకుంటాను. ఏది నమ్మాలి? (సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గడియారాన్ని ఇందులోంచి తీసేయండి. గాలి నింపే పట్టీ చేతికి బిగించకుండా బీపీ చెప్పే పరికరాలను రక్తపోటు అంచనాకు, చికిత్సకు వాడవద్దని 2023లో ఐరోపా హైపర్‌టెన్షన్ సొసైటీ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే గడియారాలు, ఉంగరాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ఇలాగే హెచ్చరించింది.

మీ మిషన్ తప్పు చెబుతోందనడానికి ముందు మీరు చూసుకునే వేళ మార్చండి. నడక, కాఫీ రెండూ కాసేపు బీపీని పెంచుతాయి. ఆ రెండింటికీ అరగంట ఎడం ఉంచి, మూత్ర విసర్జన చేసివచ్చి, వీపు ఆనే కుర్చీలో పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద, మోచేతికి పైన, గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి లావుగా ఉన్నవారికి చిన్న పట్టీ వేస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి చుట్టుకొలతకు సరిపడే పట్టీ అడిగి తీసుకోండి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక్కొక్క జతలో ఒక నిమిషం ఎడంతో, ఏడు రోజులు రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువగా లెక్కిస్తారు, ఆస్పత్రిలో ఆ గీత 140/90. ఇంట్లో సగటు అప్పటికీ ఎక్కువగానే ఉండి డాక్టరుగారి దగ్గర మామూలుగా ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఆ కాగితాన్నీ మిషన్‌నూ రెండూ ఆయన దగ్గరకు పట్టుకెళ్లండి. మిషన్ ఆయన పరికరంతో సరిపోలుతోందో అక్కడే తేలుతుంది. అంకెలు చూసి మాత్రను మీరే పెంచడం, తగ్గించడం చేయకండి. పై ప్రశ్న అడిగిన సోదరికి కూడా ఇది వర్తిస్తుంది. అయితే మీ నాన్నగారికి బీపీని పక్షవాతం తగలని ఎడమ చేతికి చూడాలి.

ప్రశ్న: ఫోన్‌లో డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ చెల్లుతుందా? పెందుర్తిలో ఒంటరిగా ఉన్న మా అమ్మ కోసం అడుగుతున్నాను.

జవాబు: చెల్లుతుంది. 2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు రిజిస్టర్డ్ వైద్యులకు ఆ అధికారం ఇచ్చాయి. చీటీ మీద వైద్యుడి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. మత్తు కలిగించే కొన్ని మందులను ఫోన్‌లో రాయడానికి వీల్లేదు. ప్రభుత్వ ఈ-సంజీవని సేవలో రోగి ఇంటి నుంచే వైద్యుడితో మాట్లాడే సౌకర్యం 2020 ఏప్రిల్ నుంచి ఉంది, ఉచితం. రాష్ట్రంలో 104కి ఫోన్ చేసి కూడా సలహా అడగవచ్చు.

ఒంటరిగా ఉన్నవారికి ఒక్క మాట అదనంగా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖలో కరెంటు, సెల్ సిగ్నళ్లు రోజుల తరబడి లేకపోవడం మనకు గుర్తుంది. ఫోన్‌లోనే ఉన్న చీటీ ఆ రోజుల్లో పనికి రాదు. అమ్మగారి మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, పొరుగువారి నంబరు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మందు మారిన ప్రతిసారీ ఆ కాగితాన్ని కూడా మార్చండి.