పక్షుల కోసం కొన్న కజిన్ దీవి: నేలపట్టు చూసిన కళ్లతో

మీరు రెండు విషయాలు అడిగారు. పక్షుల కోసమే కొని కాపాడుతున్న, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశంలో ఉన్న కజిన్ దీవికి మనవాళ్లెవరైనా వెళ్లారా అని ఒకటి, పక్షుల అభయారణ్యం నేలపట్టు ఇంత దగ్గర్లో ఉండగా అంత డబ్బు పెట్టి వెళ్లాలా అని రెండోది. మాది నెల్లూరు. మా అమ్మమ్మగారిది దొరవారిసత్రం దగ్గర పల్లె కాబట్టి నేలపట్టు చెరువు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా బావగారికి సీషెల్స్‌లోని పెద్ద దీవి మాహేలో ఉద్యోగం వచ్చాక, ఒక నవంబరులో అక్క వాళ్లింటికి వెళ్లి, అక్కణ్నుంచి కజిన్ చూసొచ్చాం. వీలుంటే తప్పకుండా వెళ్లండి. కాకపోతే ముందు నేలపట్టును రెండు మూడుసార్లు కుదురుగా చూసి వెళ్లండి.

మాహే నుంచి ప్రాలిన్ దీవికి ఫెర్రీ ఉంది. ప్రాలిన్ నుంచి కజిన్‌కు దూరం కొంచెమే. మనం ఎక్కిన పడవను మాత్రం ఒడ్డుకు రానివ్వరు. నీళ్లలోనే ఆపేస్తారు. దీవి వాళ్ల పడవ వచ్చి మనల్ని ఎక్కించుకుని, అలల మీదుగా వేగంగా వచ్చి ఇసుకలోకి దూసుకుపోతుంది. ఫోన్, కెమెరా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, మోకాళ్ల దాకా తడుస్తారు. ఈ ఏర్పాటంతా ఎలుక గురించి. బయటి పడవలో ఒక్క చూలు ఎలుక దిగినా చాలు, దీవి మీద గుడ్లూ పిల్లలూ మిగలవు. ఆ దీవికి ఇంతవరకూ ఎలుకలు చేరలేదు.

లోపలికి వెళ్లాక ఆ జాగ్రత్త ఎందుకో కళ్లకు కట్టింది. ఒక చెట్టు మొదట్లో, వేళ్ల సందున, పొడవాటి తెల్లతోక పక్షి నేల మీదే పొదుగుతోంది. ట్రాపిక్‌బర్డ్ అన్నారు. మేం నాలుగడుగుల దూరంలో నిలబడినా కదల్లేదు. ఇంకో చోట గైడ్ మా మొహాల ఎత్తులో ఉన్న ఒక కొమ్మ చూపించాడు. గూడు లేదు, పుల్ల లేదు, ఆకు లేదు. కొమ్మ మీద చిన్న పల్లంలో ఒకే ఒక గుడ్డు! మంచులా తెల్లగా ఉన్న ఫెయిరీ టెర్న్ దాని మీద కూర్చుని నల్లటి కళ్లతో మమ్మల్నే చూస్తోంది. గాలికి కొమ్మ ఊగుతుంటే మా అమ్మాయి ఊపిరి బిగబట్టుకుని నా చెయ్యి పట్టేసుకుంది. పిల్ల పుట్టాక కూడా ఆ కొమ్మనే కాళ్లతో గట్టిగా పట్టుకుని పెరుగుతుందట.

ఈ దీవి ఒకప్పుడు కొబ్బరితోట. సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ప్రపంచం మొత్తం మీద ఇక్కడే మిగిలింది, అదీ ముప్పైకి లోపే. 1968లో పక్షుల రక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఒకటి, ఇప్పుడు బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ అంటున్నారు, దీవినే కొనేసింది. కొబ్బరి తీసేసి అక్కడి అడవి చెట్లను పెరగనిచ్చారు. పిట్టలు పెరిగాయి. 1988లో 29 పిట్టల్ని అరీడ్ అనే ఇంకో దీవికి తరలించారు, ఆ తర్వాత మరికొన్ని దీవులకూ పంపారు. 1975 నుంచి ఇది చట్టప్రకారం స్పెషల్ రిజర్వ్. నేచర్ సీషెల్స్ అనే అక్కడి సంస్థ చూసుకుంటోంది. మన నేలపట్టు అభయారణ్యం 458 హెక్టార్లు, కజిన్ మొత్తం కలిపి 29. అంత చిన్న చోటే ఒక జాతిని నిలబెట్టింది.

తాబేళ్ల సంగతి కూడా చెప్పాలి. మన తీరానికి ఆలివ్ రిడ్లేలు రాత్రిపూట వచ్చి గుడ్లు పెట్టిపోతాయి కదా, అక్కడి హాక్స్‌బిల్ తాబేళ్లు పట్టపగలే వస్తాయి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటి కాలం. మేం తిరిగి పడవెక్కబోతుంటే ఒకటి ఇసుక మీద పాక్కుంటూ పైకొస్తోంది. గైడ్ మమ్మల్ని అక్కడే ఆపేశాడు. అది చెట్ల నీడలోకి చేరేదాకా ఎండలో నిలబడ్డాం. ఎవరూ విసుక్కోలేదు.

సందర్శకులను వారాంతాల్లో రానివ్వరు, మామూలు రోజుల్లో ఉదయం పూట మాత్రమే. శనివారం పెట్టుకుంటే ట్రిప్ దండగ. రాత్రి బస ఉండదు. దోమలు విపరీతం, నిండు చేతుల చొక్కా వేసుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా సముద్రం పోటు మీద ఉంటుంది, పిల్లలతో అయితే ఆ నెలలు వద్దు. మనకు వీసా అక్కర్లేదు గానీ బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి.

ఇక నేలపట్టు ముందు చూడమని ఎందుకన్నానో చెప్తాను. రెండేళ్ల కిందట అక్కడ వాచ్‌టవర్ మీద ఉన్నాం. కింద కొందరు కుర్రాళ్లు గూడబాతులు (పెలికాన్లు) ఎగిరితే ఫొటో బాగా వస్తుందని చప్పట్లు కొట్టి కేకలేశారు. నీటి కడప చెట్ల మీద నుంచి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. అవి గాల్లో తిరుగుతున్న ఆ రెండు మూడు నిమిషాల్లోనే కాకులు గూళ్లలో దిగాయి. ఒక కాకి నోట గుడ్డుతో వెళ్లడం బైనాక్యులర్స్‌లో స్పష్టంగా చూశాను. ఇప్పటికీ ఆ దృశ్యం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కజిన్‌లో మనిషికీ పక్షికీ మధ్య సముద్రం ఉంది, సంస్థ ఉంది, గైడ్ ఉన్నాడు. మన దగ్గర ఉన్నది చెరువు గట్టూ, ఆ ఊరివాళ్లూ. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని ఆ రైతులు తరతరాలుగా వాటిని తమవనుకుని చూసుకుంటున్నారు. ఆరోజు కూడా గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయనే పరుగున వచ్చి కుర్రాళ్లను వారించాడు.

2022లో జిల్లాల విభజన జరిగాక నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ నెల్లూరు నుంచి దారి అదే, హైవే మీద దొరవారిసత్రం దగ్గర దిగాలి. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం నాలుగింటికల్లా టవర్ ఎక్కండి. మాట్లాడకుండా అరగంట కూర్చోండి. పులికాట్ వైపు మేతకెళ్లిన గూడబాతులు తిరిగొస్తాయి, పిల్లలు తల్లి నోటి సంచిలోకి తల దాకా దూర్చి చేపలు లాక్కుంటాయి.