ఇన్ని జట్లు ఎందుకు మారతారు?

ప్రశ్న: అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో కొందరు ఔట్‌ఫీల్డర్లు (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసేవాళ్లు) దాదాపు ఏడాదికొక జట్టు మారుతూ పది, పదిహేనేళ్లు ఆడటం చూస్తున్నాం. ఒక జట్టు వదులుకున్న ఆటగాడిని ఇంకో జట్టు ఎందుకు కోరుకుంటుంది? అది అతని ఆటలో లోపానికి గుర్తు కాదా?

జవాబు: కాదనే నా అభిప్రాయం. రోజూ ఆడే ముగ్గురు ఔట్‌ఫీల్డర్లలో ఒకరిగా అతను నిలదొక్కుకోలేకపోయిన మాట నిజమే గానీ, ఎన్నిసార్లు ఒక జట్టు వదులుకుందో అన్నిసార్లూ ఇంకో జట్టు కావాలని పిలిచిందన్న సంగతి కూడా అంతే నిజం. అసలు కారణం జట్టు కూర్పులో ఉంది. 2021 నుంచి ఒక్కో జట్టు సీజన్‌లో ఎక్కువ భాగం 26 మందితోనే నడవాలి. అందులో సాధారణంగా 13 స్థానాలు బంతి విసిరే పిచర్లకే పోతాయి. తక్కినవాటిలో బ్యాటర్ వెనక ఉండే క్యాచర్లకూ, బేస్‌ల దగ్గర ఆడే ఇన్‌ఫీల్డర్లకూ ఇవ్వగా ఔట్‌ఫీల్డర్లకు నాలుగు, మహా అయితే ఐదు దక్కుతాయి. లెఫ్ట్, సెంటర్, రైట్ స్థానాల్లో రోజూ ఆడేవాళ్లు స్థిరంగా ఉంటారు; నాలుగో, ఐదో స్థానాలు మాత్రం అవసరాన్ని బట్టి మారుతుంటాయి. సెంటర్ ఫీల్డర్‌కు గాయమైతే వేగంగా పరుగెత్తేవాడు కావాలి, కుడిచేతి పిచర్లను ఎదుర్కోవడానికి ఎడమచేతి బ్యాటర్ కావాలి. ఆ అవసరం తీరిన రోజున ఆ ఆటగాడు బాగా ఆడుతున్నా సరే, అతని చోటు మరొకరికి పోతుంది.

దీనికి మ్యాట్ స్టెయిర్స్ వృత్తిజీవితం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌కు చెందిన ఈ ఎడమచేతి బ్యాటర్ 1992లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. 1993లో జపాన్ వెళ్లి చునిచి డ్రాగన్స్‌కు ఆడాడు, 1995లో బోస్టన్‌కు కొద్దిపాటి మ్యాచ్‌లు ఆడాడు, ఆ తర్వాత ఓక్లాండ్‌లో స్థిరపడే సరికి ముప్పయ్యో ఏడు దగ్గరపడింది. అక్కడ 1999లో 38 హోమ్‌రన్లు (సాధారణంగా బంతిని మైదానం బయటికి పంపే హిట్లు) కొట్టాడు. ఆపైన షికాగో కబ్స్, మిల్వాకీ, పిట్స్‌బర్గ్, కాన్సస్ సిటీ, టెక్సస్, డెట్రాయిట్, టొరంటో, ఫిలడెల్ఫియా, శాన్ డియాగో, చివరికి 2011లో వాషింగ్టన్ నేషనల్స్. మాంట్రియల్ ఎక్స్‌పోసే 2005లో వాషింగ్టన్‌కు తరలి నేషనల్స్ అయింది కాబట్టి, ఇన్ని ఊళ్లు తిరిగి అతను మొదలుపెట్టిన సంస్థలోనే ఆట ముగించాడు. మొత్తం 265 హోమ్‌రన్లలో 23 పించ్ హిట్టర్‌గా, అంటే మరొకరి బదులు ఒక్క వంతు బ్యాటింగ్‌కు దిగి కొట్టినవి. ఈ లెక్కలో మేజర్ లీగ్ రికార్డు అతనిదే.

2008 ఆగస్టు చివర్లో ఫిలడెల్ఫియా అతన్ని టొరంటో నుంచి తెచ్చుకున్నది ఆ ఒక్క వంతు కోసమే. అక్టోబరు 13న లాస్ ఏంజెలిస్‌లో డాడ్జర్స్‌తో నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ నాలుగో మ్యాచ్ జరిగింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఫిలడెల్ఫియా ఔట్‌ఫీల్డర్ షేన్ విక్టోరినో రెండు పరుగుల హోమ్‌రన్‌తో స్కోరు 5-5 చేశాడు. ఇద్దరు ఔటయ్యాక, ఒక రన్నర్ బేస్ మీద ఉండగా, డాడ్జర్స్ కుడిచేతి ఫాస్ట్ పిచర్ జొనాథన్ బ్రాక్స్‌టన్‌ను ఎదుర్కోవడానికి స్టెయిర్స్ దిగాడు. బంతి రైట్ ఫీల్డ్ స్టాండ్లలో చాలా లోపల పడింది. 7-5తో ఫిలడెల్ఫియా గెలిచింది, ఆ తర్వాత సీజన్ తుది పోరైన వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. అన్నట్టు, ఆ విక్టోరినోను కూడా డాడ్జర్స్ జట్టే రెండుసార్లు రూల్ 5 డ్రాఫ్ట్‌లో, అంటే ఇతర జట్ల ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, పోగొట్టుకుంది. రెండోసారి ఫిలడెల్ఫియా అతన్ని తిరిగి ఇస్తానన్నా తీసుకోలేదు. ఎవరో వదులుకున్న ఇద్దరు ఔట్‌ఫీల్డర్లు ఒకే ఇన్నింగ్స్‌లో మ్యాచ్‌ను తిప్పేసిన ఆ రాత్రి గురించి తెలిశాక, వదులుకోవడాన్నే ప్రతిభకు కొలతగా తీసుకోవడం నాకు సాధ్యం కాలేదు.

ప్రశ్న: ఆటగాడిని దిగువ స్థాయి మైనర్ లీగ్‌కు పంపి అవసరమైనప్పుడు మళ్లీ పిలుచుకోవచ్చు కదా? పూర్తిగా వదులుకోవాల్సిన పరిస్థితి ఎందుకు వస్తుంది?

జవాబు: పంపవచ్చు గానీ దానికి హద్దు ఉంది. జట్టు 40 మంది జాబితాలో (ఆడే 26 మంది ఇందులోనివాళ్లే) ఉన్న ఆటగాడిని సాధారణంగా మూడు సీజన్లలో మాత్రమే స్వేచ్ఛగా కిందికి పంపే వీలుంటుంది. వీటిని ‘ఆప్షన్లు’ అంటారు. అవి అయిపోయాక అతన్ని కిందికి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి, అప్పుడు తక్కిన జట్లలో ఏదైనా అతని కాంట్రాక్టును తీసుకోవచ్చు. జాబితాలోంచి పేరు తొలగించి ‘డిజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్’ అని ప్రకటించాక ఏడు రోజుల్లోగా జట్టు అతన్ని ట్రేడ్ చేయాలి (ఇంకో జట్టుకు మార్చుకోవాలి), వేవర్స్‌లో పెట్టాలి, లేదా విడుదల చేయాలి. ఆ వారం ఆటగాడికి ఎంత కష్టమో ఊహించండి. తర్వాతి మ్యాచ్ ఏ నగరంలో ఆడతాడో, అసలు ఆడతాడో లేదో, ఇంటి అద్దె కొనసాగించాలో వద్దో ఏదీ అతని చేతిలో ఉండదు. ముప్పయ్యేళ్లు దాటిన నాలుగో ఔట్‌ఫీల్డర్‌కు ఆప్షన్లు మిగిలి ఉండటం అరుదు, అందుకే అతని పేరు ఇన్ని జట్ల జాబితాల్లో కనిపిస్తుంది.

ప్రశ్న: ఇంత అనిశ్చితిలో ఆదాయం సరిపోతుందా?

జవాబు: పైన ఉన్నన్ని రోజులూ బాగానే ఉంటుంది. 2025లో మేజర్ లీగ్ కనీస వేతనం పూర్తి సీజన్‌కు 7,60,000 డాలర్లు, అంటే రోజుకు నాలుగు వేలకు పైమాటే. కింద, మైనర్ లీగ్‌లలో అన్నిటికంటే పైదైన ట్రిపుల్-ఏ స్థాయిలో, 2023 ఒప్పందం నిర్ణయించిన కనీసం ఏడాదికి 35,800 డాలర్లు. అంతకుముందు అది 17,500 మాత్రమే. అనుభవమున్న ఔట్‌ఫీల్డర్లు ఇంతకంటే మెరుగైన మైనర్ లీగ్ కాంట్రాక్టు కుదుర్చుకుంటారు గానీ, పైకీ కిందికీ మధ్య అగాధం మాత్రం అలాగే ఉంది. అందువల్ల వాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటారు. మేజర్ లీగ్‌లో 43 రోజులు పూర్తయితే పింఛనుకు అర్హత వస్తుంది, 172 రోజులకు ఒక ఏడాది సర్వీసు జమవుతుంది. సెప్టెంబరులో రెండు వారాల పిలుపు మనకు చిన్న వార్తే గానీ, దానివల్ల ఒక కుటుంబం లెక్కలు మారిపోతాయి.

ప్రశ్న: అలాంటి ఆటగాడికి ప్రధానంగా ఏ నైపుణ్యం ఉండాలి?

జవాబు: కొందరికి స్టెయిర్స్‌లా బలం, కొందరికి వేగం. రజాయ్ డేవిస్‌ను 2001లో, కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, పిట్స్‌బర్గ్ 38వ రౌండులో ఎంచుకుంది. ఆ రౌండులో తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మేజర్ లీగ్ దాకా రారు. అతను కాళ్ల బలంతోనే వచ్చి, అనేక జట్లు మారుతూ 415 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ హిట్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరాడు. 2016 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ తరఫున, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, అత్యంత వేగంగా బంతి విసిరే అరోల్డిస్ చాప్‌మన్ ఎదురుగా నిలబడ్డాడు. బ్యాట్‌ను బాగా పైకి పట్టుకుని, కేవలం బంతిని తాకించాలన్నట్టుగా నిలబడి, లెఫ్ట్ ఫీల్డ్ మూలకు రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టి స్కోరు 6-6 చేశాడు. పదో ఇన్నింగ్స్‌లో ఇంకో పరుగు కూడా తెచ్చాడు, అయినా 8-7తో కబ్స్ గెలిచింది. మరుసటి సీజన్ అతను ఓక్లాండ్‌లో మొదలుపెట్టాడు, మధ్యలో బోస్టన్‌కు మారాడు.

ప్రశ్న: ఒకే రోజు రెండు జట్లకు ఆడి రెండింటికీ హిట్లు కొట్టిన ఆటగాడు ఉన్నాడంటారు. నిజమేనా?

జవాబు: నిజమే. 1982 ఆగస్టు 4న జోయెల్ యంగ్‌బ్లడ్ మధ్యాహ్నం షికాగోలో న్యూయార్క్ మెట్స్ తరఫున ఫెర్గూసన్ జెన్‌కిన్స్ బౌలింగ్‌లో సింగిల్ (ఒక్క బేస్ చేర్చే హిట్) కొట్టి రెండు పరుగులు తెచ్చాడు. ఆట మధ్యలోనే అతన్ని మాంట్రియల్‌కు ట్రేడ్ చేశామని చెప్పి బయటికి పిలిచారు. విమానాశ్రయానికి బయలుదేరినవాడు మరిచిపోయిన గ్లవ్ కోసం మైదానానికి తిరిగి వెళ్లి, విమానం అందుకుని, రాత్రికి ఫిలడెల్ఫియాలో కొత్త జట్టు తరఫున స్టీవ్ కార్ల్‌టన్ మీద మరో సింగిల్ కొట్టాడు. ఆ పిచర్లిద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.