డీవీఆర్ లోగో దగ్గరే ఆగిపోతోందా?

సందేహం: మా కిరాణా షాపులో నాలుగు సీసీ కెమెరాలు, వాటి వీడియోలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఒకటి ఉన్నాయి. మొన్న గాలివానకు కరెంటు చాలాసార్లు పోయి వచ్చింది. అప్పటి నుంచి డీవీఆర్ ఆన్ కావడం లేదు. కంపెనీ లోగో వస్తుంది, కాసేపటికి స్క్రీన్ నల్లబడి మళ్లీ లోగోనే. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. బోర్డు పోయింది, కొత్తది కొనమంటున్నాడు మెకానిక్. వారం కిందటి రికార్డింగ్ నాకు చాలా అవసరం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అప్పుడే కొత్తది కొనకండి. మీరు చెప్పినదాన్ని బట్టి నా మొదటి అనుమానం అడాప్టర్ మీద. డీవీఆర్‌లో ఉండే పెద్ద సైజు హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. వేగం అందుకున్నాక అందులో సగం కూడా అక్కర్లేదు. పాతబడిన అడాప్టర్ ఆ మొదటి లోడుకే చతికిలబడుతుంది. వోల్టేజీ పడిపోతుంది, డీవీఆర్ రీస్టార్ట్ అవుతుంది, డిస్క్ మళ్లీ తిరగబోతుంది, మళ్లీ అదే కథ. విడిగా మల్టీమీటర్ పెట్టి చూస్తే మాత్రం అడాప్టర్ 12 వోల్టులు చక్కగా చూపిస్తుంది. చాలామంది మెకానిక్‌లు పొరబడేది ఇక్కడే.

స్విచ్ ఆపి, ప్లగ్ తీసేసి, డీవీఆర్ మూత విప్పండి. హార్డ్ డిస్క్‌కు వెళ్లే రెండు కేబుళ్లూ పీకండి. కెమెరా వైర్లు, నెట్ కేబుల్, మౌస్ కూడా తీసేసి ఆన్ చేయండి. లోగో దాటి మెనూ వచ్చిందంటే బోర్డు బాగున్నట్టే. డిస్క్ లేదని బీప్ కొడితే కంగారు పడకండి. ఇప్పుడు ఆపేసి, మంచి అడాప్టర్‌తో డిస్క్ తగిలించి చూడండి. పాతదాని మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే 3 ఆంపియర్లదైనా పెట్టొచ్చు, వోల్టులు మాత్రం మారకూడదు. పిన్ సరిపోయింది కదా అని రౌటర్ అడాప్టరో, ల్యాప్‌టాప్ ఛార్జరో పెట్టకండి. ల్యాప్‌టాప్‌వి సాధారణంగా 19 వోల్టులు, బాగున్న బోర్డు కూడా కాలిపోతుంది.

కొత్త అడాప్టర్‌తో కూడా టిక్కు టిక్కు ఆగకపోతే డిస్కే దెబ్బతిన్నట్టు. అక్కడితో ఆపేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ లోపలి డేటాకు ప్రమాదం పెరుగుతుంది. డిస్క్ లేకుండా, వైర్లన్నీ తీసి, అడాప్టర్ మార్చినా లోగో దాటకపోతే మాత్రం మెకానిక్ చెప్పింది నిజం కావచ్చు. బోర్డు గానీ సాఫ్ట్‌వేర్ గానీ చెడింది, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాల్సిందే.

రికార్డింగ్ సంగతి ఇంకా ముఖ్యం. డిస్క్‌ను వేరే డీవీఆర్‌కు పెడితే ఫార్మాట్ చేయమంటుంది, అంటే ఉన్నదంతా చెరిపేయమని. కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ కూడా ఇనిషియలైజ్ చేయాలా (కొత్త డిస్క్‌లా సిద్ధం చేయాలా) అని అడుగుతుంది. రెండింటికీ ఒప్పుకోవద్దు. చాలా డీవీఆర్‌లు రాసే పద్ధతి విండోస్‌కు అర్థం కాదు కాబట్టి ఖాళీ డిస్క్ అనుకుంటుంది, వీడియోలు మాత్రం లోపలే ఉంటాయి. మీ డీవీఆర్ ఇక లేవకపోతే అదే కంపెనీ, అదే మోడల్ దొరికితే దానికి పెట్టి చూడొచ్చు. పోలీసు కేసుకు కావాల్సిన రికార్డింగ్ అయితే మీరు ప్రయోగాలు చేయకుండా డిస్క్ తీసి భద్రపరచి, వారికే చెప్పండి.

ఇంకొకటి. డీవీఆర్ లేచాక తేదీ సరిచూడండి. బోర్డు మీద నాణెమంత బ్యాటరీ, ఎక్కువగా సీఆర్2032, అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు తీసినవి ఆ తప్పు తేదీ కింద చేరతాయి. వారం కిందటి తేదీకి ఏమీ దొరకకపోతే అక్కడ కూడా వెతకండి.

సందేహం: డీవీఆర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఫోన్ యాప్‌లో కెమెరాలు కనిపిస్తున్నాయి. టీవీలో మాత్రం ‘నో సిగ్నల్’.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: యాప్‌లో వస్తోందంటే డీవీఆర్ నిక్షేపంగా నడుస్తోంది. మీ టీవీ చూపించలేని రిజల్యూషన్ సెట్ అయి ఉండొచ్చు. డీవీఆర్ వెనక మానిటర్ కోసం ఉండే వీజీఏ పోర్టుకు ఏదైనా మానిటర్ తగిలించి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1080పీ గానీ అంతకంటే తక్కువ గానీ పెట్టి సేవ్ చేయండి. అంతకు ముందు ఒకసారి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చి చూడండి.